నేసినోడే గుడ్డ పాస్ చేసుకుంటే ఎట్ల?



ఈ మధ్య మన షోలాపూర్ గల్లీల్లో ఒక మాట బాగా తిరుగుతున్నది. అదే "కాయిన్". చాయ్ హోటల్ కాడ, బీడీ కార్ఖానా ముందట, పెండ్లి పందిట్లో, ఎక్కడ నలుగురు కూడినా ఎవరో ఒకరు ఫోన్ తీసి చూపిస్తరు. "ఇది బిట్‌కాయిన్ లాంటిదే కాకా, ఇప్పుడు పెడితే ఏడాదికి మూడింతలు" అంటరు. మిల్లులు మూతపడ్డంక చేతికొచ్చిన గ్రాట్యుటీ, పీఎఫ్ పైసలు, ఆడోళ్ళు బీడీలు చుట్టి భిశీల్లో కూడబెట్టిన పైసలు ఇప్పుడు ఆ ఫోన్ల దిక్కు పోతున్నయి. అందుకే ఈ నెల ఈ సంగతి ఎత్తుకున్న.

నేను చదివింది నాలుగో తరగతి, బతికింది సాంచాల మీద. నీకు కంప్యూటర్ గురించి ఏం తెలుసు అని మీరు అడగొచ్చు. మా తమ్ముని కొడుకు పుణేలో సాఫ్ట్‌వేర్ పని చేస్తడు. దీపావళికి వచ్చినప్పుడు వాన్ని మూడు రోజులు కూర్చోబెట్టి అడిగిన. "ధర పెరుగుతదా తగ్గుతదా అన్నది నాకొద్దు. ఆ బిట్‌కాయిన్‌ను నడిపించే యంత్రాన్ని ఎవరు తయారు చేస్తరు, ఎవరు పాస్ చేస్తరు, పాతది తీసి కొత్తది ఎట్ల ఎక్కిస్తరు, అది చెప్పు" అన్న. వాడు ఓపికగా చెప్పిండు. అది విన్నంక నాకు ఒకటి తెలిసింది. ఆ పని ఎట్ల జరుగుతదో తెలిస్తే, దాని పేరు చెప్పి మన గడపల్లోకి వచ్చే నకిలీని మనమే పట్టుకోవచ్చు. ఇంగ్లీషు రాకపోయినా పట్టుకోవచ్చు.

పుస్తకం ఒకటి, నకళ్ళు వేలు

ముందుగాల వస్తువు ఏందో చూద్దాం. మన భిశీలో లెక్క పుస్తకం ఒకరి దగ్గర ఉంటది. ఆయన మంచోడైతే అందరి పైసలూ భద్రం. ఆయన బుద్ధి మారితే అందరూ మునిగినట్టే. బిట్‌కాయిన్‌లో ఆ పుస్తకం ఒకరి దగ్గర ఉండదు. ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో అదే పుస్తకం నకలు ఉంటది. సుమారు పది నిమిషాలకు ఒక కొత్త పేజీ చేరుతది. ఆ పేజీని బ్లాక్ అంటరు. పోటీ పడి ఆ పేజీ రాసేటోళ్ళను మైనర్లు అంటరు. రాసినందుకు వాళ్ళకు కొన్ని కొత్త కాయిన్లు కూలిగా వస్తయి.

కొత్త పేజీ రాగానే ప్రతి కంప్యూటర్ ఎవరినీ అడగకుండా తానే తనిఖీ చేస్తది. సంతకం సరిగ్గా ఉన్నదా? లేని పైసలు ఖర్చు పెట్టిండా? ఒకే పైసను రెండుసార్లు వాడిండా? తప్పు దొరికితే ఆ పేజీని పక్కన పారేస్తది. ఈ తనిఖీ చేసేదే సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్ ఏం చెయ్యాలో వరుసగా రాసిపెట్టిన చిట్టా. ఆ రాతను కోడ్ అంటరు. బిట్‌కాయిన్లు ఎన్నటికీ 2 కోట్ల 10 లక్షలు దాటొద్దు అన్న నియమం కూడా ఆ కోడ్‌లోనే ఉన్నది. ఏ సర్కారు కాగితం మీదా లేదు. అందుకే ఆ కోడ్ మీద చెయ్యి వేసేది ఎవరు అన్నది చాలా పెద్ద ప్రశ్న.

శేటు లేని మిల్లు

సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబర్ 31న దీని ఆలోచన చెప్పే పత్రం బయటికి వచ్చింది. 2009 జనవరిలో సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో లోకానికి ఇప్పటికీ తెలియదు. 2011 నాటికి ఆ మనిషి పని మొత్తం తోటి వాళ్ళకు వదిలి పక్కకు తప్పుకున్నడు. మిల్లు నడుస్తున్నది, శేటు లేడు.

శేటు లేకుండా ఎట్ల నడుస్తదంటే, కోడ్ మొత్తం బహిరంగంగా ఉంటది. ఎవరైనా చదవొచ్చు, నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టే పని లేదు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటరు. ఎక్కువ మంది వాడే సాఫ్ట్‌వేర్ పేరు బిట్‌కాయిన్ కోర్. దాని మీద పని చేసేటోళ్ళు దేశదేశాల్లో ఉన్నరు. కొందరు ఊరికే చేస్తరు. కొందరికి వేరే వేరే కంపెనీలు, సంస్థలు సాయం కింద పైసలిస్తయి. ఒక్క యజమాని కింద అందరూ పగార్ తీసుకునే పద్ధతి లేదు.

ఇప్పుడు ఒకరికి అందులో ఏదో బాగు చెయ్యాలనిపించింది అనుకోండి. అసలు కోడ్‌ను ముట్టుకోనియ్యరు. ముందు దాని నకలు తీసుకోవాలె. ఆ నకలులో మార్పు చేసి, ఏం మార్చిండో, ఎందుకు మార్చిండో రాసి అందరి ముందట పెట్టాలె. పెట్టంగనే యంత్రాలు కొన్ని పరీక్షలు తమంతట తామే నడిపి చూస్తయి. పాతవి ఏవైనా చెడిపోయినయా అని. ఆ తర్వాత మనుషుల వంతు.

మన మిల్లు సంగతి గుర్తు తెచ్చుకోండి. సాంచా మీది నుంచి దిగిన గుడ్డ సీదా బజారుకు పోయేది కాదు. ఫోల్డింగ్ ఖాతాకు పోయేది. అక్కడ బల్ల మీద గుడ్డను గుంజుకుంటూ గజం గజం చూసేటోళ్ళు. పడుగులో పోగు తెగిందా, పేక ఎగిరిందా, నూనె మరక పడ్డదా అని. నేసినోడు ఎంత పనిమంతుడైనా తన గుడ్డ తాను పాస్ చేసుకునేది లేదు. ఇక్కడ కూడా అదే నియమం. రాసినోడు ఒకరు, చూసేటోళ్ళు వేరే.

చూసేటోళ్ళు ఒక్కొక్కరు తమ మాట అందరికీ కనబడేటట్టు రాస్తరు. ఒప్పుకుంటే "ఆక్" అంటరు. ఒప్పుకోకపోతే "నాక్" అని, ఎందుకు ఒప్పుకోరో కారణం రాస్తరు. ఇందులో కూడా మెట్లు ఉన్నయి. "ఆలోచన బాగుంది, కోడ్ ఇంకా చూడలేదు" అన్నది ఒక మెట్టు. "కోడ్ చదివిన, నడిపి చూడలేదు" అన్నది ఇంకొకటి. "చదివిన, నా కంప్యూటర్ మీద నడిపి చూసిన" అన్నది అన్నిటికన్న గట్టిది. ఏ ముక్క చూసి ఒప్పుకున్నరో దాని గుర్తు కూడా పక్కన వేస్తరు. ఆ గుర్తు ఎట్లాంటిదంటే, లోపల ఒక్క అక్షరం మారినా గుర్తు మొత్తం మారిపోతది. అంటే ఒకటి చూపించి పాస్ చేయించుకుని, వెనక నుంచి ఇంకొకటి చొప్పించే వీలు లేదు. మార్పు జరిగితే మళ్ళ మొదటి నుంచి చూడాలె.

ఇట్ల చూసి, అడిగి, తిట్టి, దిద్దించి, చివరికి సరే అనుకున్నంక దాన్ని అసలు కోడ్‌లో కలిపేటోళ్ళు కొద్దిమంది ఉంటరు. వాళ్ళను మెయింటెయినర్లు అంటరు. తాళపు చెవి వాళ్ళ చేతిలో ఉన్నంత మాత్రాన వాళ్ళు యజమానులు కారు. కలిపిన ప్రతిదాని మీద వాళ్ళ డిజిటల్ సంతకం ఉంటది. ఎవరు ఎప్పుడు ఏం కలిపిండ్రో ఎప్పటికీ చెరిగిపోని లెక్క ఉంటది.

తూకం అందరి ముందట

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి మెట్టు. మనుషులు చదివే కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చాలె. పత్తి నుంచి నూలు తీసినట్టు అనుకోండి. ఈ మార్చే కాడ ఎవడైనా దొంగతనంగా ఏదైనా కలిపితే? అందుకని ఒక్కరే మార్చి ఇయ్యరు. వేరే వేరే ఊర్లల్లో ఉన్న మనుషులు ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి కంప్యూటర్ మీద వాళ్ళు అదే కోడ్‌ను మారుస్తరు. అందరికీ అక్షరం పొల్లుపోకుండా ఒకే ఫలితం రావాలె. వచ్చినట్టు ఒక్కొక్కరు సంతకం పెడతరు. ఒక్కరిది తేడా వచ్చినా ఎందుకొచ్చిందో తేలేదాకా అనుమానమే. మన బీడీ కార్ఖానాలో ఆకు తూకం వేసేటప్పుడు పక్కన నలుగురు నిలబడి ముల్లు చూస్తే తూచేటోని చెయ్యి వంకర పోదు. అట్లనే ఇది.

ఇంత అయినంక కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి వస్తది. అయినా ఎవరి కంప్యూటర్‌లోకీ అది తనంతట తాను దూరదు. మన ఫోన్‌లో యాప్‌లు రాత్రికి రాత్రి మనను అడగకుండానే మారిపోతయి. బిట్‌కాయిన్ కోర్ అట్ల మారదు. కంప్యూటర్ ఎవరిదో వాళ్ళే తెచ్చుకుని ఎక్కించుకోవాలె. ఇష్టం లేనోళ్ళు పాతదే నడుపుకోవచ్చు. చేతనైన మార్గం ఉండి కూడా కావాలనే ఇట్ల పెట్టుకున్నరు. ఎందుకంటే, అందరి కంప్యూటర్లను ఒక్క బటన్‌తో మార్చగలిగితే, ఆ బటన్ ఉన్నోడే శేటు అయిపోతడు.

44 అంగుళాలు, 52 అంగుళాలు

చిన్న మరమ్మతులు ఇట్ల సాగుతయి. నియమాలే మార్చాలంటే పని ఇంకా గట్టిది. ముందు ఒక ప్రతిపాదన పత్రం రాయాలె. దానికి ఒక నంబరు ఇస్తరు. 2011 నుంచి ఈ పద్ధతి ఉన్నది. ఆ పత్రం మీద నెలలు, ఏండ్లు చర్చ నడుస్తది. విలువ లేని ఉత్తుత్తి కాయిన్లతో నడిచే వేరే వలయం ఒకటి ఉంటది. అందులో ముందు నడిపి చూస్తరు.

నియమం మార్చడంలో రెండు రకాలు. గుడ్డ లెక్కలో చెప్త. గుడ్డ పన్న 48 అంగుళాల లోపు ఉండాలె అని నియమం ఉన్నదనుకోండి. దాన్ని 44 లోపు అని బిగించినం. పాత చిట్టా పట్టుకున్న తనిఖీదారు ఆ 44 గుడ్డను చూసి కూడా పాస్ చేస్తడు, ఎందుకంటే అది 48 లోపే కదా. గొడవ లేదు. దీన్ని సాఫ్ట్ ఫోర్క్ అంటరు. అదే నియమాన్ని 52 దాకా అని వదులు చేస్తే, పాత తనిఖీదారు 52 గుడ్డను వెనక్కి కొడతడు. కొత్త తనిఖీదారు పాస్ చేస్తడు. ఇక అక్కడి నుంచి రెండు పుస్తకాలు అయితయి. దీన్ని హార్డ్ ఫోర్క్ అంటరు. బిట్‌కాయిన్ వాళ్ళు వీలైనంత వరకు మొదటి దారినే పోతరు.

టాప్‌రూట్ అని ఒక మార్పు ఉన్నది. సంతకాల పద్ధతిని బాగు చేసేది. దాని ఆలోచన 2018 జనవరిలో మొదలైంది. మైనర్లు ఒక విడత పేజీల్లో నూటికి 90 పేజీల మీద "మేము తయారు" అని గుర్తు వేస్తేనే అమలు అని పెట్టుకున్నరు. 2021 జూన్‌లో ఆ లెక్క కుదిరింది. అయినా వెంటనే పెట్టలేదు. అందరూ సర్దుకోవడానికి నెలల గడువు ఇచ్చి, 2021 నవంబర్ 14న అమలు చేసిన్రు. ఒక్క బాగుకు దగ్గర దగ్గర నాలుగేండ్లు. మన దగ్గర కాయిన్ అమ్మేటోడు "రేపు సాయంత్రం దాకనే ఆఫర్" అని తొందర పెడతడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

పెద్దోళ్ళ మాట చెల్లని రోజు

2017లో పెద్ద తగాదా అయింది. ఒక పేజీలో ఎన్ని లెక్కలు పట్టాలె అన్నది తగాదా. పేజీ పెద్దది చెయ్యాలె అని ఒక వర్గం. పెద్దది చేస్తే మామూలోళ్ళ కంప్యూటర్లు మొయ్యలేవు, అప్పుడు పుస్తకం పెద్ద కంపెనీల చేతిలోకే పోతది అని ఇంకొక వర్గం. ఆ ఏడు మే నెలలో 50కి పైగా కంపెనీలు న్యూయార్క్‌లో కూడి ఒప్పందం చేసుకున్నయి. మైనింగ్ యంత్రాల్లో నూటికి 80కి పైగా వాళ్ళ దిక్కే ఉన్నయి. రెండు మెట్లు అనుకున్నరు. ముందు సెగ్‌విట్ అనే సాఫ్ట్ ఫోర్క్, ఆ తర్వాత పేజీని రెండింతలు చేసే హార్డ్ ఫోర్క్.

సెగ్‌విట్‌ను మామూలు వాడకందార్లు కూడా కోరుకున్నరు, అది 2017 ఆగస్టు 24న అమలైంది. రెండో మెట్టు మాత్రం సాగలేదు. వాడకందార్లలో చాలామంది ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమని మొండికేసిన్రు. కోడ్ రాసేటోళ్ళలో కూడా ఎక్కువమంది ఒప్పుకోలేదు. నవంబర్ 8న ఆ కంపెనీల వాళ్ళే దాన్ని ఆపుకున్నరు. పెద్ద పేజీ కావాలె అన్నోళ్ళు కొందరు అంతకు ముందే ఆగస్టు 1న విడిపోయి బిట్‌కాయిన్ క్యాష్ అని వేరే కాయిన్ పెట్టుకున్నరు. కోడ్ అందరిదీ కాబట్టి వాళ్ళను ఎవరూ ఆపలేదు. ఎవరి దారి వాళ్ళది.

ఇంత చెప్పినంక "అయితే ఇందులో తప్పే జరగదా" అని అడిగిన. మావాడు నవ్విండు. మూడు సంగతులు చెప్పిండు.

మూడు పొరపాట్లు

మొదటిది 2010 ఆగస్టు 15. ఆ రోజు పుస్తకంలో ఒక పేజీ మీద 18,400 కోట్ల బిట్‌కాయిన్లు పుట్టుకొచ్చినయి. ఎన్నటికీ 2 కోట్ల 10 లక్షలు దాటొద్దన్న కాడ! సాంచా మీటరు 9999 దాటితే మళ్ళ 0000 చూపిస్తది కదా, ఇంచుమించు అట్లాంటి లోపమే. రెండు మహా పెద్ద అంకెలు కూడితే మీటరు తిరిగిపోయింది, తనిఖీకి అది చిన్న మొత్తంగా కనబడింది. కొన్ని గంటల్లోనే లోపం దిద్ది కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చిన్రు. అందరూ అది ఎక్కించుకుని, ఆ తప్పు పేజీని వదిలి, దాని ముందటి పేజీ నుంచి మళ్ళ రాసుకుంటూ వచ్చిన్రు. ఆ దొంగ కాయిన్లు చెల్లలేదు.

రెండోది 2013 మార్చి 11 రాత్రి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు దాచిపెట్టే గోదాం పద్ధతి మార్చిన్రు. పాత గోదాంకు ఒక హద్దు ఉన్నది, అది అప్పటిదాకా ఎవరికీ ఎదురు కాలేదు. ఆ రాత్రి పెద్ద పేజీ ఒకటి వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకుంది, పాతది తీసుకోలేదు. పుస్తకం రెండుగా చీలింది. అప్పుడు పెద్ద మైనర్లు కొందరు ఏం చేసిన్రంటే, కొత్తది మేలైనదే అయినా, పాతది నడిపేటోళ్ళు ఎక్కువమంది ఉన్నరని చెప్పి వెనక్కి పాతదానికే మారిన్రు. కొత్త దారిలో అప్పటిదాకా రాసిన 24 పేజీల కూలి పోగొట్టుకున్నరు. కొన్ని గంటల్లో పుస్తకం మళ్ళ ఒకటైంది. ఆ తర్వాత అందరికీ మే 15 దాకా గడువు ఇచ్చి, నిదానంగా కొత్తదానికి మారిన్రు.

మూడోది విని నేను చాలాసేపు ఊరుకున్న. 2016లో వేగం పెంచాలని ఒకరు కోడ్‌లో ఒక తనిఖీని తీసేసిన్రు. ఆ తనిఖీ ఇంకో కాడ కూడా జరుగుతది కదా, రెండుసార్లు ఎందుకు అనుకున్నరు. చూసేటోళ్ళు చూసిన్రు, ఆక్ అన్నరు, కలిపేటోళ్ళు కలిపిన్రు. 2017 మార్చిలో అది బయటికి వచ్చింది. కాని ఆ తనిఖీ ఇంకో కాడ సరిగ్గా జరగడం లేదు. ఒకే రసీదును ఒకే లెక్కలో రెండుసార్లు చూపిస్తే, పేజీ రాసేటోడు కావాలనుకుంటే కంప్యూటర్లను ఆపెయ్యొచ్చు, ఆ తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో అయితే లేని కాయిన్లు కూడా పుట్టించొచ్చు. ఏడాదిన్నర ఆ రంధ్రం అట్లనే తెరిచి ఉన్నది. కోడ్ అందరి కండ్ల ముందటనే ఉన్నది. ఎవరూ పట్టలేదు.

2018 సెప్టెంబర్ 17న పట్టింది ఎవరో తెలుసా? తగాదా పడి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ వర్గం మనిషి. ఆ కోడ్‌లో కూడా అదే పాత వరుస ఉన్నది కాబట్టి చూస్తుంటే దొరికింది. కోట్లు కొట్టేసే అవకాశం చేతిలో ఉన్నది. ఎదుటి వర్గం పరువు తీసే అవకాశం కూడా ఉన్నది. ఆ మనిషి రెండూ చెయ్యలేదు. కోడ్ చూసుకునేటోళ్ళకు గుట్టుగా తెలియజేసిండు. తెల్లారి 18వ తారీఖున దిద్దిన సాఫ్ట్‌వేర్ వచ్చింది. దొంగలకు దారి చూపినట్టు కావొద్దని లోపంలో సగమే ముందు చెప్పి, మైనర్లు కొత్తది ఎక్కించుకుంటుండగా 20వ తారీఖున మొత్తం బయటపెట్టిన్రు. బిట్‌కాయిన్ మీద ఆ రంధ్రాన్ని ఎవరూ వాడుకోలేదు.

ఇక్కడ మనం పట్టుకోవలసింది ఒకటి ఉన్నది. తలుపు తెరిచి పెట్టినంత మాత్రాన ఇల్లు తనిఖీ అయినట్టు కాదు. ఎవరో ఒకరు లోపలికి వచ్చి మూలమూలలు చూడాలె. ఫోల్డింగ్ ఖాతాలో దీపం వెలుగుతుంటే సరిపోదు, బల్ల ముందు కూర్చున్నోని కన్ను గుడ్డ మీద ఉండాలె. ఓపెన్ సోర్స్ అన్న మాటకు బలం ఆ కన్ను నుంచే వస్తది. నలుగురు "ఆక్" అన్నరని అయిదోవాడు చూడకుండా తల ఊపితే, ఆ అయిదో సంతకం ఉన్నా లేనట్టే. మన సంఘం లెక్కలకు, మన గుడి లెక్కలకు, భిశీ లెక్కలకు కూడా ఇదే వర్తిస్తది. ఏడాదికొకసారి లెక్క చదువుతరు, మనం చప్పట్లు కొట్టి చాయ్ తాగి వస్తం. పుస్తకం తిప్పి చూసినోళ్ళు ఎందరు?

ఇక నకిలీ సంగతి

వన్‌కాయిన్ అని ఒకటి 2014లో బల్గేరియా నుంచి మొదలైంది. "బిట్‌కాయిన్‌ను మించింది" అని ఊరూరా సభలు పెట్టి అమ్మిన్రు. ఒకరిని చేర్పిస్తే కమీషన్, వాళ్ళు ఇంకొకరిని చేర్పిస్తే మళ్ళ కమీషన్. ప్రపంచమంతా కలిసి 400 కోట్ల డాలర్లకు పైగా జనం పోగొట్టుకున్నరని అమెరికా సర్కారు వకీళ్ళు కోర్టులో చెప్పిన్రు. మన మహారాష్ట్రలోనే, నవీ ముంబైలో 2017 ఏప్రిల్‌లో వాళ్ళ సభ మీద పోలీసులు పడి మనుషులను పట్టుకున్నరు. అదే ఏడు అక్టోబర్‌లో దాన్ని పెట్టిన ఆడమనిషి రుజా ఇగ్నతోవా మాయమైంది. ఆమె జోడీదారు కార్ల్ గ్రీన్‌వుడ్‌కు 2023లో అమెరికా కోర్టు 20 ఏండ్ల జైలు వేసింది.

వన్‌కాయిన్‌కు ఏం లేదో ఇప్పుడు మీరే చెప్పగలరు. అందరూ తనిఖీ చేసుకునే బహిరంగ పుస్తకం లేదు. ఎవరి కంప్యూటర్ మీద వాళ్ళు నడుపుకుని లెక్క చూసుకునే వీలు లేదు. తెర మీద ధర ఎంత చూపించాలో వాళ్ళే అనుకుని వాళ్ళే చూపించిన్రు. నేసినోడు వాడే, పాస్ చేసినోడు వాడే, గజం కట్టె కూడా వాడిదే.

అందుకని ఇంటికి కాయిన్ మాట ఎవరు తెచ్చినా, అల్లుడైనా, బామ్మర్ది అయినా, కోపం తెచ్చుకోకుండా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: దీని కోడ్ అందరికీ కనబడేటట్టు ఎక్కడ ఉన్నది? మనకు చదవడం రాకపోవచ్చు, మన పిల్లల్లో కంప్యూటర్ చదివినోళ్ళు ఇప్పుడు ప్రతి గల్లీలో ఒకరున్నరు. వాళ్ళకు చూపించండి.

రెండు: మార్పు చేసేది ఎవరు, చూసేది ఎవరు? రెండు పేర్లూ ఒకటే అయితే లేచి నిలబడండి.

మూడు: లెక్క పుస్తకం నకలు నా మనిషి తన కంప్యూటర్ మీద పెట్టుకుని సొంతంగా తనిఖీ చేసుకోవచ్చా? "మా యాప్‌లోనే చూడాలె" అంటే అది వాళ్ళ పుస్తకం, మనది కాదు.

నాలుగు: ఇంకొకరిని చేర్పిస్తే నాకు పైసలొస్తయా? వస్తయి అంటే ఆ పైసలు వెనక వచ్చేటోని జేబులోవే.

ఈ నాలుగింటికీ మంచి జవాబు దొరికినా పెట్టుబడి పెట్టమని నేను అనను. కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా ధర సగానికి పడిపోవచ్చు, పడ్డది కూడా. రహస్య సంఖ్య పోగొట్టుకుంటే తెచ్చిచ్చే బ్యాంకు మేనేజర్ ఉండడు. లాభం వస్తే మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి నూటికి 30 పన్ను. రిజర్వ్ బ్యాంకు 2013 నుంచి జాగ్రత్త అని చెప్తనే ఉన్నది. మంచి సాంచా మీద నేసిన గుడ్డకైనా బజారులో ఏ ధర పలుకుతదో సాంచా చెప్పదు.

పిల్లలకు ఒక మాట. మీలో కంప్యూటర్ చదివేటోళ్ళు ఉన్నరు. ఈ ఓపెన్ సోర్స్ పని చెయ్యడానికి డిగ్రీ కాగితం అడగరు, ఇంటిపేరు అడగరు, మరాఠీవాడా తెలుగోడా అని అడగరు. ఇంటి నుంచే ఇంకొకరి కోడ్ చదివి తప్పు చూపించొచ్చు. కొత్తగా రాసేటోళ్ళు దొరుకుతరు కాని, ఓపికగా చూసేటోళ్ళు ఎప్పుడూ తక్కువే అని మావాడు చెప్పిండు. గజం గజం గుడ్డ చూసిన ఇండ్లల్లో పుట్టినోళ్ళు మీరు. ఆ పనికి మీ కన్ను పనికొస్తది.

వచ్చే నెల పెన్షన్ తీసుకునే పెద్దోళ్ళ కోసం జీవన్ ప్రమాణ పత్రం సంగతి రాస్త. వేలిముద్ర పడక తిప్పలు పడుతున్నోళ్ళు ఉంటే మీ ఇబ్బంది రాసి పత్రిక ఆఫీసులో ఇచ్చిపోండి.